జుహర్ తర్వాత మాత్ర

“సీదీ, మీకు పాడైంది ముక్కా, కడుపా?”

పొద్దు వాలే వేళ అసర్ నమాజు అయ్యి, జనం ఇంకా చెప్పులు వెతుక్కుంటూ ఉండగానే హాజ్ ఉబీహీ ఈ మాట అడిగాడు. ‘సీదీ’ అని మర్యాదగా పిలిచాడే కానీ గొంతు తగ్గించి అడగలేదు. డెబ్బై దాటిన మనిషి. కాసాబ్లాంకాలో ముప్ఫై ఏళ్లు కిరాణా కొట్టు నడిపి ఊరికి తిరిగొచ్చాడు. సరుకు మీద అనుమానం వస్తే నలుగురిలోనే డబ్బా మూత తీసి వాసన చూసే అలవాటు ఆయనకింకా పోలేదు.

ఇమాం సి బెలైద్ గోడకు వీపు ఆనించాడు. ఆలోచన కోసం కాదు, నిలబడే ఓపిక లేక. ఆ వసంతమంతా ఆయన పరిస్థితి అదే. నిలబడితే కూర్చోవాలనిపించేది, కూర్చుంటే పరుగెత్తాల్సి వచ్చేది.

ఈ కొండ ఊళ్లలో ఇమాం కొలువంటే షరతు. ఏటా బార్లీ కోతలయ్యాక ఊరి పెద్దలు మసీదు అరుగు మీద కూర్చుని ఇంటికింత అని తేలుస్తారు. ఇమాం సరేనంటే ఖురాన్ మొదటి అధ్యాయం ఫాతిహా చదివి అరచేతులు ముఖానికి రాసుకుంటారు. సంతకాలూ గింతకాలూ ఉండవు. డబ్బు కాక మసీదు పక్క గది, రెండు పూటలా తిండి. ఆ తిండి గంపలో పెట్టి, వంతుల మీద వస్తుంది. ఇవాళ ఈ ఇల్లు, రేపు పక్క ఇల్లు, ఊరు చుట్టి మళ్లీ మొదటికి. ఏ ఇంట్లో పొయ్యి ఎప్పుడు రాజుకుంటే ఇమాంకి అప్పుడే ఆకలి వేయాలి. వచ్చింది తినాలి. వద్దనకూడదు, ఇంకాస్త అనకూడదు, ఇంకా రాలేదేమని కబురు అసలే పంపకూడదు. పెడితే తినేవాడు ఇమాం, అడిగి తినేవాడు బిచ్చగాడు. ఆ రెంటి మధ్య సన్నటి గీత మీద సి బెలైద్ పందొమ్మిదేళ్లు నడిచాడు. దీన్ని వైరాగ్యమనీ సంతృప్తి అనీ పొగిడేవాళ్లున్నారు. వాళ్లంతా తమ వంటింట్లో, తమకు ఆకలేసినప్పుడు తింటారు.

పందొమ్మిదేళ్ల గంపలు ఒంట్లో చేరాయి. ఏ ఇల్లూ ఇమాంకి పొదుపుగా పెట్టదు, పెడితే పరువు పోతుంది. తమకు మామూలు రొట్టె, ఇమాంకి నెయ్యి పూసిన రొట్టె. తమకు ఒక గ్లాసు టీ, ఇమాంకి కెటిల్ నిండా, పంచదార గడ్డ సగం విరిచి వేసి. పొట్ట ముందుకొచ్చింది. అన్నం తిన్న అరగంటకే కళ్లు వాలిపోయేవి. మెడ వెనక మడతల్లో చర్మం నల్లబడి మందమైంది. రెండు లోయల అవతల పుట్టింటి ఊళ్లో ఉండే భార్య ఇజ్జా, ఆయన నెలకోసారి ఇంటికి వెళ్లినప్పుడు, అది మట్టి అనుకుని నల్ల సబ్బు రాసి గరుకు చేతి తొడుగుతో తోమింది. తోలు లేచింది కానీ నలుపు కదల్లేదు.

“ఇది మురికి కాదండీ,” అందామె, తొడుగు పక్కన పడేసి. “మురికైతే నా చేతికి లొంగకుండా ఉండదు. సంతకు పోయి డాక్టరమ్మకి చూపించండి.”

సంత ఊరి ఆసుపత్రిలో డాక్టర్ షామా రక్తం తీయించి చూసింది. వయసులో చిన్నది. మైదానం నుంచి వచ్చి, ఇక్కడి భాష పట్టుదలగా నేర్చుకుంటున్న పిల్ల. చక్కెర జబ్బు ఇంకా రాలేదు, గుమ్మం దాకా వచ్చి నిలబడిందని చెప్పింది. తిన్నది ఒంటికి పట్టాలంటే ఇన్సులిన్ అనేది ఒకటి తలుపు తట్టాలి. మీ ఒంట్లో అది తడుతూనే ఉంది, లోపలివాళ్లు పలకడం లేదు, అంది. మెట్‌ఫార్మిన్ అని మాత్ర రాసింది. గడియారం చూసి బతికే మనుషులు కారని తెలుసు కాబట్టి, ఇక్కడ అందరికీ చెప్పినట్టే చెప్పింది. “ఒకటి జుహర్ తర్వాత, ఒకటి ఇషా తర్వాత.”

ఆమె లెక్క ప్రకారం అందులో తప్పు లేదు. ఈ ప్రాంతంలో మధ్యాహ్నం జుహర్ నమాజు అవగానే ఇంటికి పోయి అన్నం తింటారు, ఇషా అవగానే రాత్రి భోజనం. అందరూ తింటారు, ఒక్క ఇమాం తప్ప. ఆయనకు జుహర్ అయ్యాక మాత్ర ఖాయం, అన్నం ఖాయం కాదు.

సి బెలైద్ చెప్పింది చెప్పినట్టు చేసేవాడు. సలాం చెప్పి లేచి, గదిలోకి పోయి, ఖాళీ కడుపు మీద గ్లాసుడు నీళ్లతో మాత్ర మింగి గంప కోసం కూర్చునేవాడు. కొన్ని ఇళ్ల గంప ఆవిరి పొగలతో వెంటనే వచ్చేది. కొన్ని ఇళ్లది, ఆడవాళ్లు పొలం నుంచి గడ్డి మోపులతో దిగి, మేకల్ని కట్టేసి, పిండి కలిపి, రొట్టె కాల్చాక వచ్చేది. ఈలోపు కడుపులో ఎవరో తడి గుడ్డ పిండుతున్నట్టు మెలి పెట్టేది. నోట్లో రోజంతా ఇత్తడి చెంబు నాకినట్టు రుచి. ఇక గాలి, దాని తర్వాత నీళ్లు. మసీదు మరుగుదొడ్డి వాకిలికి అటు చివర, మెట్లు దిగి పోవాలి. ఆ మెట్లు ఎన్నిసార్లు దిగాడో ఆయనే లెక్క వదిలేశాడు.

మామూలు మనిషికి ఇది ఇబ్బంది. ఇమాంకి బతుకుతెరువుకే ముప్పు. గాలి పోయినా వజూ, అంటే నమాజుకు ముందు కడుక్కుని తెచ్చుకున్న శుద్ధి, పోతుంది, వజూ పోతే నమాజు పోతుంది, ముందు నిలబడి చేయించేవాడిది పోతే వెనక వరసల్ని ఇంకొకడికి అప్పగించి పోవాలి. బాదం పూత రాలిపోతున్న రోజుల్లో ఒక అసర్ నమాజులో, రెండో రకాతు విడతలో, ఆయన వజూ పోయింది. ఏం చేయాలో పుస్తకాల్లో ఉంది. తనే ఎన్నోసార్లు ఇతరులకు చెప్పాడు కూడా. ముక్కు పట్టుకుని పక్కకు తప్పుకోవాలి. ముక్కు నుంచి రక్తం కారిందనుకుంటారు, మనిషి మర్యాద నిలుస్తుంది. పోతూ పోతూ వెనకున్నవాడి చేయి పట్టి ముందుకు లాగాలి. సి బెలైద్ ఎడమ చేత్తో ముక్కు పట్టుకుని, కుడి చేత్తో అందిన చొక్కా చేతిని లాగాడు. అది తాపీ మేస్త్రీ ఎంబారెక్‌ది. జేబులో కొలత టేపు పెట్టుకుని నమాజుకొచ్చే మనిషి.

తర్వాత ఎంబారెక్ వాకిట్లో ఆయన్ని పట్టుకున్నాడు. “సీదీ, చంపేశారు కదా నన్ను! నాకొచ్చింది ఖురాన్‌లో మూడు సూరాలు, అందులో ఒకటి సగమే. అసర్ గనక సరిపోయింది, పెదాలు కదిపితే చాలు. పొద్దుగూకాక మగ్రిబ్ అయ్యుంటే పైకి చదవాలి, నా బండారం ఊరంతా వినేది.”

“బాగానే చేయించావట కదా.”

“బాగానా! సజ్దాలో నుదురు నేలకి ఆనించి ఉన్నంతసేపూ ఆలోచన ఒకటే, లేచాక ఏం చెయ్యాలని. ఇంతకీ ముక్కెలా ఉంది? తల వెనక్కి వాల్చకండి, గొంతులోకి పోతుంది. ఉల్లిపాయ వాసన చూడండి.”

సి బెలైద్ అబద్ధం ఆడలేదు. ఎంబారెక్ తెచ్చిచ్చిన ఉల్లిపాయ చేతిలోకి తీసుకున్నాడు, అంతే. మర్యాద కోసం పుట్టిన ఏర్పాట్లకు ఇదొక గుణం ఉంది. మనిషిని దాస్తాయి, జబ్బును కూడా దాస్తాయి. దాక్కున్న జబ్బుకి ఊరు తనకు తోచిన వైద్యం చేస్తుంది.

ముక్కు నుంచి అంత రక్తం పోతే ఒంట్లో ఏముంటుందని ఊరి ఆడవాళ్లు అనుకున్నారు. వైద్యానికి నాయకత్వం వహించింది లల్లా తూదా. ఊరి చివరింటి విధవరాలు. గట్టి చెయ్యి, అంతకంటే గట్టి గొంతు. ఆమె వంతు వచ్చిన రోజు గంపలో రొట్టె పక్కన కాల్చిన కార్జం, నేతిలో వేయించిన ఖర్జూరాలు, గిన్నె నిండా అమ్లూ వచ్చాయి. బాదం, ఆర్గన్ నూనె, తేనె కలిపి తిరగలిలో నూరిన ముద్ద అది. వేలు పెడితే వేలు కనపడదు.

“రక్తం పడుతుంది సీదీ, వదలకుండా తినండి,” అని గది బయటి నుంచి కేక వేసింది. “గిన్నెకి ఏమన్నా అంటుకుని తిరిగొస్తే నాకు తెలిసిపోతుంది.”

ఆయన తిన్నాడు. ఆ నూనెకి, ఆ తీపికి, ఆ మాత్రకి లోపల ఏం ఒప్పందం కుదిరిందో ఏమో, మగ్రిబ్‌కి అజాన్ ఇచ్చి అందర్నీ పిలిచిన మనిషి, నమాజు మొదలయ్యే ఇకామత్ వేళకి మసీదులో లేడు. మర్నాడు పక్కింటి గంపలో అంతకు రెట్టింపు ఖర్జూరాలు. తూదా పెట్టింది, మేం పెట్టకపోతే ఎలా అని. ముక్కు పట్టుకున్న పాపానికి ఊరంతా కలిసి ఆయన చేత తేనె తాగించింది.

కొన్నాళ్లు మాత్రే మానేశాడు. కడుపు కుదురుకుంది, కానీ మళ్లీ ఆ మత్తు, కాళ్లలో ఆ బరువు. ఫోన్‌లో ఇజ్జా అడిగింది. “వేసుకుంటున్నారా?”

“వేసుకుంటే నిలబడలేను ఇజ్జా. వేసుకోకపోతే లేవలేను.”

“రెండూ కాకుండా ఏదో ఒకటి ఉంటుంది. డాక్టరమ్మకి చెప్పారా?”

“ఏమని చెప్పను, ఆడపిల్లకి? గాలి పోతోందనా?”

“ఆమె చదివిందే దాని గురించి. మీరు కాదూ వజూ పాఠం చెప్పేటప్పుడు పిల్లల ముందు ఆ మాట పదిసార్లు అనేది?”

ఆయన మాత్ర మళ్లీ మింగసాగాడు కానీ డాక్టరమ్మ దగ్గరికి పోలేదు. సోమ, గురువారాలు రోజా ఉపవాసం పట్టడం మొదలుపెట్టాడు. తినకపోతే పోవడానికి ఏమీ ఉండదని. ఊరు మెచ్చుకుంది. ఎంత భక్తి, ముఖంలో వెలుగు చూడండి అన్నారు. ఆ వెలుగు నీరసం.

హాజ్ ఉబీహీకి మాత్రం వెలుగు కనపడలేదు. కుర్రతనంలో ఒక ధర్మశాస్త్రం పుస్తకం బట్టీ పట్టి సగంలో వదిలేసిన మనిషి. ఆ సగంలో ఈ ముక్కు సంగతి ఉంది. అన్ని వారాలుగా మాటిమాటికీ ముక్కు నుంచి రక్తం కారుతుంటే పొడుగు అంగీ జలాబా మీద ఒక్క చుక్క మరక కూడా లేదేమని ఆయన చూస్తూ వచ్చాడు. ఆఖరికి ఆ రోజు అసర్ అయ్యాక అడిగేశాడు.

“కడుపు,” అన్నాడు సి బెలైద్, గోడకు ఆనుకునే.

చెప్పులు వెతుకుతున్నవాళ్లు ఆగిపోయారు. ఎంబారెక్ ఒక చెప్పు చేత్తో పట్టుకునే ఉన్నాడు.

“ఎప్పటినుంచి?”

“బాదం పూత నుంచి. మందు వాడుతున్నాను, దాని వల్ల.”

“మరి ఇన్నాళ్ల మా నమాజులు?”

“మీవాటికి లోటు లేదు. పోయిన క్షణానే తప్పుకున్నాను. తప్పుకోకుండా ఒక్క సజ్దా కూడా చేయించలేదు.”

“అది మీరంటున్నారు.”

“అవును, నేనంటున్నాను. ఇంకెవరికి తెలుస్తుంది?”

ఎంబారెక్‌కి నవ్వొచ్చింది, దగ్గుగా మార్చుకున్నాడు. హాజ్ నవ్వలేదు. “వజూ నిలవనివాడు నిలిచేవాళ్లకి ముందు నిలబడొచ్చా? మీరే చెప్పండి, మీకంటే మాకు తెలియదు కదా.”

“చెల్లుతుంది. మంచిది కాదంటారు.”

“మంచిది కానిదానికి ఊరు డబ్బెందుకియ్యాలి?” హాజ్ కర్ర తీసుకున్నాడు. “కోతలు ఇంకెంతో దూరం లేవు. షరతు కూర్చునే వేళకి ఈ కడుపు సంగతి తేల్చండి సీదీ. లోయ కింద ఒక కుర్రాడున్నాడట, గొంతు బాగుంటుందట, సగం డబ్బుకే వస్తాడట. నాకు మీమీద కోపమేం లేదు.”

కోపం లేదన్నది నిజమే. ఏభై దాటిన ఇమాంని తీసేయడానికి కోపం అక్కర్లేదు, లెక్క చాలు. షరతు పోతే గది పోతుంది, తిండి పోతుంది. ఈ వయసులో, ఈ కడుపుతో, ఇంకో ఊరు ఎవరిస్తారు?

సంత రోజు వ్యాను వెనక సీట్లో, ప్రతి మలుపు దగ్గరా కళ్లు మూసుకుంటూ, డాక్టర్ షామా దగ్గరికి పోయాడు. ఈసారి సిగ్గు పడే ఓపిక కూడా లేదు. ఉన్నదంతా చెప్పాడు. ఆమె ముఖం ఏమాత్రం చిట్లించకుండా రాసుకుంటూ పోయి, ఒక చోట ఆగింది.

“జుహర్ అయ్యాక ఎంతసేపటికి తింటారు?”

“ఎవరి వంతో దాన్ని బట్టి.”

“అంటే?”

వంతుల సంగతి చెప్పాడు. ఆమె పెన్ను కింద పెట్టేసింది. “ఒక్కోసారి అసర్ దాకా రాదా? మాత్ర మాత్రం జుహర్‌కే వేసుకున్నారా?”

“మీరు జుహర్ తర్వాత అన్నారు కదమ్మా.”

“అన్నాను.” కాసేపు నుదురు రుద్దుకుంది. “నేను నమాజు పేరు చెప్పింది అన్నం వేళ గుర్తుండాలని. ఇది నమాజుకి కట్టిన మాత్ర కాదు బాబాయ్, అన్నానికి కట్టింది. ఖాళీ కడుపులో పడితే గోల చేస్తుంది. పైగా ఒకేసారి రోజుకి రెండు మొదలుపెట్టించాను, ఇంకా మెల్లగా ఎక్కాల్సింది.”

కొత్తగా రాసింది. నెమ్మదిగా కరిగే రకం, రోజుకొకటి, రాత్రి భోజనం సగంలో ఉండగా. విరవకూడదు, నమలకూడదు. కొన్ని వారాలు అలా పోనిచ్చి, అప్పుడు పెంచుదాం. అప్పటికీ తగ్గకపోతే మందు మార్చడానికి దారులున్నాయి, మీ అంతట మీరు మాత్రం మానకండి, అంది. అప్పుడప్పుడు మాత్ర తొడుగు అలాగే బయటికొస్తుంది, చూసి భయపడకండి, లోపలి మందు ఒంటికి పట్టే ఉంటుంది, అని కూడా చెప్పింది. తర్వాత తిండి మీదికొచ్చింది.

“కొంచెం తినండి. వేళకి తినండి. నూనె, నెయ్యి తగ్గాలి. తేనె, ఖర్జూరం, తీపి టీ వద్దు. బార్లీ సంకటి, మజ్జిగ, పప్పు, కూరగాయలు. ఏముంది, మీ ఊళ్లో అందరూ తినేదే.”

“అందరూ తినేదే,” అన్నాడు సి బెలైద్. “నేను తప్ప.”

మాత్ర సులువు. అడగడమే కష్టం. ఇమాం అడగడు. అందులోనూ తక్కువ పెట్టమని అడగడమంటే ఎక్కువ పెట్టమని అడగడం కన్నా పెద్ద తప్పు. ఎక్కువ అడిగితే ఆశపోతు అంటారు, తక్కువ అడిగితే వంటకి వంక పెట్టినట్టు. వ్యాను దిగి ఊరి దారి ఎక్కుతూ ఆయన నాలుగు చోట్ల కూర్చున్నాడు. ఆఖరిసారి కూర్చున్నది లల్లా తూదా ఇంటి ముందు రాయి మీద. అక్కడే ఆగాలని అనుకున్నాడో, కాళ్లే ఆగాయో.

తూదా వాకిట్లో బార్లీ చెరుగుతోంది. చేట ఆపలేదు. “వచ్చారా సీదీ. నా చేతి తిండి తిని కడుపు చెడిందని ఊరంతా అంటోంది. అది చెప్పడానికే వచ్చారా?”

“నీ తిండి వల్ల కాదు లల్లా. మందు వల్ల.”

“నా అమ్లూ ముట్టుకుంటే జబ్బే మాయమవ్వాలి, ఇంక మందెందుకు! మా అత్త దాంతో చచ్చేవాణ్ని లేపింది.”

“ఆయన సంగతి నాకు తెలియదు కానీ, నన్ను మాత్రం లేపింది. రాత్రి ఏడుసార్లు.”

చేట ఆగింది. తూదా ఆయన ముఖం చూసి, నవ్వు ఆపుకోలేక కొంగు నోటికడ్డం పెట్టుకుంది. “అయ్యో నా తల్లీ. ముక్కుకనుకుని కార్జం పెట్టాను కదా! ముందే చెప్పొచ్చు కదా మీరు?”

“ఎలా చెప్పను? నేను అడగకూడదు.”

“పందొమ్మిదేళ్లుగా తింటున్నారు, ఒక్కనాడు ఉప్పు ఎక్కువైందని కూడా అనలేదు. మీకు నోట్లో నాలుక లేదేమో, ఖురాన్ చదవడానికే దేవుడిచ్చాడేమో అనుకునేవాళ్లం. ఇప్పుడేం కావాలి, చెప్పండి. తొందరగా చెప్పండి, మళ్లీ సిగ్గేస్తుంది మీకు.”

చెప్పాడు. సంకటి, మజ్జిగ, పప్పు, వేళకి, కొంచెం. నేల చూస్తూ చెప్పాడు.

“ఇంతేనా?” అంది తూదా. “ఇది మేం రోజూ తినేదే కదా. మీ గంప కోసం కదూ మేం నెయ్యి అప్పు తెచ్చుకుని చచ్చేది! ఈ మాట పందొమ్మిదేళ్ల కిందట చెప్పుంటే ఎన్ని నేతి డబ్బాలు మిగిలేవి సీదీ మాకు?”

బావి దగ్గర ఆడవాళ్ల మధ్య ఆ సాయంత్రమే తేలిపోయింది. మగ్రిబ్ కాగానే రాత్రి గంప, జుహర్ కాగానే పగటి గంప, ఎవరింట్లో పొలం పని ఆలస్యమైతే పక్కింటివాళ్లు వంతు మార్చుకోవాలి. కొంతమంది గొణిగారు, ఇమాంకి సంకటి పంపితే చూసేవాళ్లేమనుకుంటారని. “గంప మీద గుడ్డ కప్పండి, ఎవడూ చూడడు,” అంది తూదా.

కడుపు వెంటనే మారలేదు. మారుతుందని డాక్టరమ్మా అనలేదు. మొదటి వారం రెండుసార్లు ఎంబారెక్‌ని లాగాల్సి వచ్చింది. ముక్కు పట్టుకోలేదు ఈసారి, ఊరికే తప్పుకున్నాడు. ఎంబారెక్ కూడా ఇక కంగారు పడటం మానేసి, నమాజుకి ముందే “ఇవాళ ఎలా ఉంది వాతావరణం?” అని అడగడం మొదలుపెట్టాడు. నోట్లో ఇత్తడి రుచి అలాగే ఉంది. కానీ మెలి తగ్గింది. మెట్ల మీద రాకపోకలు తగ్గాయి. బార్లీ కంకులు పసుపెక్కేసరికి, వరసగా ఒక శుక్రవారం నుంచి ఇంకో శుక్రవారం దాకా ఒక్క నమాజు కూడా విరగలేదు. ఆయన దాన్ని ఎవరికీ చెప్పలేదు. దిష్టి తగులుతుందని కాదు, రేపేమవుతుందో నమ్మకం లేక.

షరతు కూర్చోవడానికి ముందు రోజు వంతు హాజ్ ఉబీహీ ఇంటిది.

మగ్రిబ్ కాగానే గంప వచ్చింది. గుడ్డ తీస్తే పళ్లెం నిండా గొర్రె మాంసం, తేనెలో ఉడికిన ఆలూబుఖారాలు, పైన వేయించిన బాదం, అంచుల దాకా నెయ్యి. పెళ్లిళ్లలో పెట్టే వంట. తూదా మాట ఆ గడపకు చేరలేదో, చేరినా హాజ్ పట్టించుకోలేదో. మర్యాదో, పరీక్షో. సి బెలైద్ పళ్లెం ముందు చాలాసేపు కూర్చున్నాడు. వాసనకి నోరూరింది, అదే ఆయనకు బాగా కోపం తెప్పించింది. తింటే రేపు పెద్దల మధ్యలోంచి లేచి పరుగెత్తాలి. తినకుండా తిప్పి పంపితే, రేపు తీర్పు చెప్పేది ఆ ఇంటి యజమానే. పారబోసి తిన్నానని చెప్పొచ్చు. ముక్కు పట్టుకోవడం లాంటిదే అదీ.

గుడ్డ మళ్లీ కప్పి, గంప తనే ఎత్తుకుని, హాజ్ ఇంటికి నడిచాడు.

తలుపు తీసిన హాజ్ ముందు గంపను చూశాడు, తర్వాత మనిషిని. “ఇదేంటి సీదీ?”

“మీ ఇంటి వంట గొప్పది హాజ్. నా కడుపు గొప్పది కాదు. ఇది తింటే రేపు నేను అరుగు మీద కూర్చోలేను. మీ ఇంట్లో సంకటి ఉంటే పెట్టండి.”

“నా ఇంటి మాంసం వెనక్కొచ్చిందా?”

“వచ్చింది.”

“గుమ్మంలో నిలబడి అన్నం అడుగుతున్నారు మీరు. ఇమాం అయ్యుండి.”

“అడుగుతున్నాను. నిలబడి ఎక్కువసేపు అడగలేను.”

లోపల కోడలు గిన్నెల చప్పుడు ఆపేసింది. హాజ్ గడపలోంచి పక్కకి తప్పుకోవడానికి కొంతసేపు పట్టింది. లోపల ఇంటివాళ్ల కోసం చేసిన బార్లీ సంకటే ఉంది. పెద్ద గిన్నెలో ముద్ద, నడుమ గుంటలో కాస్త నూనె, పక్కన మజ్జిగ ముంత. మాంసం వండింది ఒక్క గంప కోసమే. ఇద్దరూ ఒకే గిన్నెకి చెరోవైపు కూర్చున్నారు. పందొమ్మిదేళ్లలో ఆయన ఈ ఇంటి గంప ఎన్నిసార్లో తిన్నాడు, ఈ ఇంటి గిన్నెలో తినడం ఇదే.

సగం తిన్నాక సి బెలైద్ జేబులోంచి మాత్ర తీశాడు. హాజ్ వంగి చూశాడు.

“ఇదా! ఇంత లావుందేంటి? మనిషికా, ఒంటెకా?”

“నమలకూడదట.”

“నమలాలన్నా పళ్లుండాలిగా మన ఇద్దరికీ.” మజ్జిగ ముంత ఆయన వైపు జరిపాడు. “కానీ సీదీ, రేపు నేను చెప్పాల్సింది చెబుతాను. కలిసి తిన్నంత మాత్రాన మాట మారుస్తానని అనుకోకండి.”

“అనుకోలేదు.”

మర్నాడు అరుగు మీద ఆయన చెప్పాల్సిందే చెప్పాడు. ఇమాం నిన్న తన గుమ్మంలోకొచ్చి అన్నం అడిగాడనీ, ఇన్నేళ్లలో ఈ ఊళ్లో అది జరగలేదనీ, కడుపు ఇంకా పూర్తిగా కుదురుకోలేదనీ. పక్క మిద్దె మీద ఆడవాళ్లు కూర్చున్నారు. వాళ్లకి అక్కడ మాట లేదు, చెవులు మాత్రమే ఉన్నాయి. ఆ సంగతి తూదాకి ఎవరూ చెప్పినట్టు లేదు.

“అడిగితే తప్పేంటి హాజ్?” అని పైనుంచి కేక. “మీ కొట్లో ముప్ఫై ఏళ్లు వచ్చినవాళ్లంతా అడక్కుండానే సరుకు పట్టుకుపోయారా? ఎక్కువ అడిగాడా? మిగుల్చుకోమని అడిగాడు!”

“ఆడవాళ్లు మాట్లాడకూడదు,” అన్నాడెవరో.

“వండేది మేం, మాట్లాడేది మీరా! ఆ కుర్రాణ్ని తెస్తే వాడి రొట్టెకి నెయ్యి మీరే పూసుకోండి!”

పెద్దలు కాసేపు గడ్డాలు సవరించుకున్నారు. కుర్రాడు చవక, కానీ కుర్రాడికి నెయ్యి కావాలి. ఏడాది పాటు నేతి డబ్బా లెక్క కడితే ఎటు చవకో తేల్చడం ముప్ఫై ఏళ్ల కొట్టువాడికి కష్టమేం కాలేదు. ఆఖరికి తేలిందేమంటే, సి బెలైద్ ఉంటాడు. కడుపు బాగాలేని రోజు ఎంబారెక్ మొదటి నుంచే ముందు నిలబడతాడు. అందుకు తగ్గట్టు ఇంటి వాటా ఆరువందల దిర్హాముల నుంచి ఐదువందలకు దిగుతుంది.

“ఆ వంద నాకా?” అన్నాడు ఎంబారెక్ ఆశగా.

“నీకెందుకు? నీకొచ్చిందే మూడు సూరాలు.”

“రెండున్నర,” అన్నాడు ఎంబారెక్. “మిగతా సగం సీదీ నేర్పుతానన్నారు.”

ఒప్పుకుంటారా అని హాజ్ అడిగాడు. సి బెలైద్ వీపు గోడకే ఆనించి ఉంది. ఒప్పుకున్నానన్నాడు. ఫాతిహా ఆయనే చదివించాడు, చివరిదాకా, ఎక్కడా ఆగకుండా. అందరూ అరచేతులు ముఖానికి రాసుకున్నారు. జుహర్‌కి ఇంకా కాస్త వేళ ఉంది. గదిలోకి పోయి నడుం వాల్చాడు.

అన్నం అడగడం అలవాటైంది. డబ్బు సంగతి అడగడం ఇంకా కాలేదు. నిరుటి షరతులో హాజ్ ఉబీహీ ఇంటి వాటా, పాత లెక్క ప్రకారం ఆరువందల దిర్హాములు, ఇంకా రావాలి.